గన్నేరు అంటే ఏ గన్నేరు? ఆకు చూసి పోల్చుకుందాం



ఈ ఉగాది సంచికకు చాలామంది కవితలు, పొడుపుకథలు రాసి ఇచ్చారు. నేను పాఠం రాస్తున్నాను. ఎందుకంటే జనవరిలో నేను చెప్పిన ఒక తప్పు మాట వల్ల మన ఆరో తరగతి చెల్లి ఆసుపత్రిలో రెండు రాత్రులు పడుకోవలసి వచ్చింది. చెల్లి ఆసుపత్రికి వెళ్ళిన సంగతి మీ అందరికీ తెలుసు. ఆ మాట నాది అని మాత్రం కొద్దిమందికే తెలుసు. అందుకే ముందు అది చెప్పి, తర్వాత పాఠం చెబుతాను.

జరిగిన సంగతి

మన నీళ్ళ ట్యాంకు దగ్గర రెండు చెట్లు పక్కపక్కన ఉండేవి. ఒకటి నిండా సన్నటి ఆకులతో, పసుపు గంటల్లాంటి పూలతో ఉండేది. రెండోది సంక్రాంతి సెలవుల నుండి మనం వచ్చేసరికి ఒక్క ఆకు కూడా లేకుండా, లావుపాటి బూడిదరంగు కొమ్మలతో మోడులాగ నిలబడి ఉంది. దాన్ని ఎవ్వరమూ చెట్టు కింద లెక్క పెట్టలేదు. బట్టలు ఆరేసుకునే తాడు కట్టాము, అంతే.

ఒక ఆదివారం ఆ చెల్లి పసుపు పూల చెట్టు కింద పడిన కాయలు ఏరి తెచ్చి, "అక్కా, ఇదేటి కాయ?" అని అడిగింది. అక్కడ దేవగన్నేరు ఉందని నేను ఎప్పుడో విన్నాను. పసుపు పూలు దేవుడి పటానికి పెట్టడం చూశాను. రెండూ కలిపేసి, "దేవగన్నేరు కాయే. దేవుడి చెట్టు, ఏమీ అవ్వదు" అనేశాను. చెల్లి కాయను రాయితో కొట్టి, లోపలి గింజ సగం కొరికి, చేదుగా ఉందని ఉమ్మేసింది. సాయంత్రం ప్రార్థన లోపలే రెండుసార్లు వాంతి చేసుకుంది, కళ్ళు తిరుగుతున్నాయి అంది.

వార్డెన్ మేడమ్ వెంటనే 108కి ఫోను చేశారు. నాతో "ఆ చెట్టు కొమ్మ ఒకటి, కాయ ఒకటి కవర్లో వేసి పట్టుకురా" అన్నారు. రూము లీడర్ని కాబట్టి నేను కూడా బండి ఎక్కాను. ఆసుపత్రిలో డాక్టరు గారు "ఏ చెట్టు కాయ తిన్నాది?" అని అడిగితే నేను మళ్ళీ "దేవగన్నేరు సార్" అనే చెప్పాను. ఆయన కవరు విప్పి కొమ్మ చూసి, "ఇది దేవగన్నేరు కాదమ్మా. ఆకు చూడు. ఇది పచ్చగన్నేరు, గుండెకు విషం" అన్నారు. వెంటనే చెల్లి గుండెకు వైర్లు పెట్టారు. రెండు రోజులు గుండె కొట్టుకోవడం చూసి, బాగుందని పంపించారు.

ఆ కొమ్మ తీసుకెళ్ళకపోతే డాక్టరు గారి దగ్గర నా మాట ఒక్కటే ఉండేది. ఆ మాట తప్పు. ఈ ఆలోచన నాకు రాత్రిళ్ళు వచ్చేది. అందుకే సైన్సు మాస్టారి దగ్గర కూర్చుని ఈ మూడు గన్నేర్ల సంగతి నేర్చుకున్నాను.

మూడు గన్నేర్లూ ఒకే కుటుంబం

మిత్రులారా, మనం గన్నేరు అనే మొక్కలు ముఖ్యంగా మూడు.

1. గన్నేరు. సంస్కృతంలో కరవీరం. శాస్త్రీయ నామం నీరియం ఓలియాండర్. ఎర్ర పూలు, గులాబి పూలు, తెల్ల పూలు పూస్తుంది. ఎండకు, నీటి ఎద్దడికి తట్టుకుంటుంది, ఆవులు మేకలు తినవు. అందుకే జాతీయ రహదారుల మీద డివైడర్లలో ఎక్కువగా నాటుతారు. మనం సెలవులకు ఊరు వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి చూడవచ్చు.

2. పచ్చగన్నేరు. శాస్త్రీయ నామం కాస్కబెలా థెవీషియా. పాత పుస్తకాల్లో థెవీషియా పెరువియానా అని ఉంటుంది. పసుపు పూలు. ఆకుపచ్చ కాయ, పండితే నల్లబడుతుంది. కాయలో గట్టి టెంక, టెంకలో గింజలు.

3. దేవగన్నేరు. శాస్త్రీయ నామం ప్లుమేరియా రూబ్రా. గుడుల దగ్గర, బడులలో, పార్కులలో అందం కోసం పెంచుతారు. తెలుపు, పసుపు, గులాబి, ఎరుపు రంగుల పూలు, మంచి వాసన.

ఈ మూడూ అపోసైనేసి అనే ఒకే కుటుంబానికి చెందినవి. పచ్చగన్నేరు, దేవగన్నేరు రెండింటినీ తుంపితే తెల్లటి పాలు కారతాయి. అందువల్ల "పాలు కారింది కాబట్టి దేవగన్నేరే" అనడానికి లేదు. పూలు ఉన్నప్పుడు చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. పూలు లేనప్పుడు ఎలా? అక్కడే ఆకు పని మొదలవుతుంది.

మా అమ్మకు అక్షరం రాదు, ఆకు వచ్చు

మా ఊరు ముంచింగిపుట్టు మండలంలో ఉంది. మా అమ్మ బడికి వెళ్ళలేదు. కానీ అడవిలో అడ్డాకు తీగను ఎంత దూరం నుండైనా పోల్చుతుంది. అడ్డాకు కొన దగ్గర రెండుగా చీలి, రెండు ఆకులు అతికినట్టు ఉంటుంది. మోదుగ అయితే ఒక్క కాడకు మూడు ఆకులు. విస్తళ్ళు రెండింటితోనూ కుట్టవచ్చు. అయినా అమ్మ ఒకదాన్ని ఇంకోటి అనుకోదు. అమ్మ పేరుతో కాదు, ఆకుతో పోల్చుతుంది. నేను బడికి వచ్చి పేర్లు నేర్చుకున్నాను గానీ ఆకును చూడడం మానేశాను. తప్పు అక్కడ జరిగింది.

మన జీవశాస్త్రం పుస్తకంలో పత్రవిన్యాసం అనే మాట ఉంది. అంటే కాండం మీద ఆకులు ఎలా అమరి ఉన్నాయి అని. ఒక కణుపుకు ఒక ఆకు ఉంటే ఏకాంతరం. ఒక కణుపుకు ఎదురెదురుగా రెండు ఉంటే అభిముఖం. ఒక కణుపు చుట్టూ మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే చక్రీయం. పరీక్ష కోసం ఈ మూడు మాటలూ బట్టీ పట్టాను. ఇవి ఒక ప్రాణానికి పనికొస్తాయని అప్పుడు అనుకోలేదు.

ఆకు చూసి పోల్చే పద్ధతి

ఈ కాగితం కింద మూడు ఆకులు గంజితో అతికించి, పైన ప్లాస్టిక్ కవరు వేశాను. చూడండి, కానీ కవరు తీయకండి. కొలతలు నా స్కేలుతో కొలిచినవే. రోడ్డు పక్క ఆకు మీద దుమ్ము ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తేనే ఈనెలు కనబడతాయి.

మొదటి ఆకు, గన్నేరు: పొడవు 14 సెంటీమీటర్లు, వెడల్పు 2 సెంటీమీటర్లు. దళసరిగా తోలులాగ ఉంటుంది. నడిమి ఈనె బాగా ఉబ్బి కనబడుతుంది. కొమ్మ మీద చూస్తే ఎక్కువగా ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు, అంటే చక్రీయం. ఒక్కోచోట రెండే ఉండవచ్చు, అందుకని రెండు మూడు కణుపులు చూడాలి.

రెండో ఆకు, పచ్చగన్నేరు: పొడవు 12 సెంటీమీటర్లు, వెడల్పు 1 సెంటీమీటరు కూడా లేదు. పలచగా, నిగనిగలాడుతూ, గడ్డిపోచ కన్నా కొంచెం వెడల్పుగా ఉంటుంది. కణుపుకు ఒక్కటే ఆకు, ఏకాంతరం. ఆకులు కొమ్మ చుట్టూ మెలి తిరుగుతూ దగ్గరదగ్గరగా ఉంటాయి.

మూడో ఆకు, దేవగన్నేరు: ఇది కిందటేడు రాలి మురుగుకాలువ పక్కన ఎండిపోయి దొరికింది. పొడవు 27 సెంటీమీటర్లు, వెడల్పు 8 సెంటీమీటర్లు. రెండు చివరలా సన్నబడి కొన మొనతేలి ఉంటుంది. దీని ఈనెలు జాగ్రత్తగా చూడండి. నడిమి ఈనె నుండి పక్క ఈనెలు నిచ్చెన మెట్లలాగ వరసగా బయలుదేరి, అంచు దాకా పోకుండా, అంచుకు కొంచెం ఇవతల ఒక సన్నటి ఈనెలో కలుస్తాయి. ఆకు చుట్టూ పెన్సిలుతో ఇంకో గీత గీసినట్టు ఉంటుంది. గన్నేరుకు, పచ్చగన్నేరుకు ఇలా ఈ నిచ్చెన స్పష్టంగా కనబడదు. దేవగన్నేరు కూడా ఏకాంతరమే, కానీ ఆకులన్నీ కొమ్మ కొసన గొడుగులాగ గుంపుగా ఉంటాయి.

దేవగన్నేరులో అక్కచెల్లెళ్ళు కూడా ఉన్నాయి. ఆకు కొన మొన లేకుండా గుండ్రంగా, ముదురు ఆకుపచ్చగా మెరుస్తూ ఉంటే అది ప్లుమేరియా ఒబ్ట్యూసా. అది చాలావరకు ఏడాది పొడుగునా ఆకుతోనే ఉంటుంది. ఆకు నాగుపాము పడగలాగ పైన వెడల్పై ఉంటే అది ప్లుమేరియా ప్యుడికా. వైజాగ్ పార్కులలో తిరిగేటప్పుడు వెతకండి.

ఆకులే లేకపోతే?

ఇది నాకు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. గన్నేరు, పచ్చగన్నేరు సతతహరితాలు, ఎప్పుడూ ఆకుతో ఉంటాయి. దేవగన్నేరు ఆకురాల్చే మొక్క. చలి, పొడి కాలంలో నీరు తక్కువ. ఆకుల నుండి నీరు ఆవిరై పోతుంది కదా, అందుకని ఆకులను వదిలేసి, లావుపాటి కొమ్మలలో నీరు దాచుకుని ఊరుకుంటుంది. మన ఏజెన్సీలో బూరుగు, మోదుగ చేసేది కూడా ఇదే. మోదుగ ఆకు లేకుండా ఎర్రగా పూస్తే అది చచ్చిపోయింది అని మనూళ్ళో ఎవరూ అనరు.

ఆకు లేనప్పుడు పెరిగే తీరు చూడాలి.

కొమ్మ లావు: దేవగన్నేరు కొమ్మ కొస కూడా బొటనవేలి కన్నా లావుగా, మెత్తగా ఉంటుంది. మామూలు చెట్లకు కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. గన్నేరు, పచ్చగన్నేరు కొమ్మలు సన్నటి బెత్తాల్లా ఉంటాయి.

ఆకు మచ్చలు: ఆకు రాలిన ప్రతిచోటా అర్ధచంద్రం లాంటి మచ్చ ఉంటుంది. మచ్చలు కొసల దగ్గర దట్టంగా ఉంటాయి. ఆకులు కొసన గుంపుగా ఉండేవని ఆ మచ్చలే చెబుతాయి.

చీలిక: దేవగన్నేరు కొమ్మ కొసన పూలగుత్తి వస్తుంది. గుత్తి వచ్చాక ఆ కొమ్మ ముందుకు పోలేదు. దాని కింద నుండి రెండు మూడు కొత్త కొమ్మలు పక్కలకు బయలుదేరుతాయి. మళ్ళీ వాటి కొసన పూలు, మళ్ళీ చీలిక. అందుకే చెట్టంతా పంగలకర్రలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటుంది. గన్నేరు అలా కాదు, నేల దగ్గర నుండే చాలా కాండాలు లేచి గుబురు పొద అవుతుంది. పచ్చగన్నేరు చిన్న చెట్టులాగ పెరిగి, పైన గుబురుగా ఉంటుంది.

గోరు పరీక్ష: చచ్చిందా, బతికి ఉందా తెలియాలంటే కొమ్మ పై పొరను గోరుతో కొంచెం గీరాలి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికి ఉన్నట్టు. గోధుమరంగుగా, పొడిగా ఉంటే ఆ కొమ్మ ఎండినట్టు. పాలు చేతికి తగిలితే దురద రావచ్చు, కంట్లో పడితే మంట. సబ్బుతో కడుక్కోవాలి.

పేరు ఎందుకు మోసం చేస్తుంది

దేవగన్నేరు అసలు మన దేశానిది కాదు. మెక్సికో, మధ్య అమెరికా నుండి వచ్చింది. షార్ల్ ప్లూమియే (1646-1704) అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడి పేరు మీద దానికి ప్లుమేరియా అని పెట్టారు. పచ్చగన్నేరు కూడా ఆ అమెరికా వైపు నుండి వచ్చిందే. కరవీరం మాత్రం ఇక్కడ పాతది. కొత్త మొక్కలు వచ్చినప్పుడు మనవాళ్ళు ఇంటిలో ఉన్న పేరునే వాటికీ పెట్టుకున్నారు. అలా మూడూ గన్నేర్లు అయిపోయాయి.

ఇంకో చిక్కు ఉంది. ఒడియాలో దేవగన్నేరును కాఠచంపా అంటారు. లావోస్ దేశంలో దాన్ని డోక్ చంపా అంటారు, వాళ్ళ జాతీయ పుష్పం అదే. కానీ మన వైజాగ్‌లో చంపకం అంటే సంపెంగ. సింహాచలం సంపెంగలు అందరికీ తెలుసు. సంపెంగ వేరే కుటుంబం, పెద్ద చెట్టు, తుంపితే పాలు రావు. మా ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం, బడిలో తెలుగు, పుస్తకంలో లాటిన్ పేర్లు. ఒకే పూవుకు మూడు పేర్లు, ఒకే పేరుకు మూడు చెట్లు. ఎవరి పేరూ తప్పు కాదు. కానీ పేరు విని కాయ నోట్లో పెట్టకూడదు.

ఎవరైనా తింటే ఏం చెయ్యాలి

గన్నేరులో అన్ని భాగాలూ విషమే. పచ్చగన్నేరులో కూడా అంతే, గింజలో ఎక్కువ. ఆ విషం గుండె కొట్టుకునే వరసను చెడగొడుతుంది. వాంతులు, కడుపునొప్పి, కళ్ళు తిరగడం, గుండె నెమ్మదించడం వస్తాయి. కొంచెమే తిన్నారని, బాగానే ఉన్నారని ఊరుకోకూడదు.

1. వెంటనే పెద్దవాళ్ళకు చెప్పాలి. తిడతారని దాచకూడదు.
2. 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.
3. ఉప్పునీళ్ళు, చింతపండు రసం తాగించి వాంతి చేయించకూడదు.
4. ఆకులున్న కొమ్మ, కాయ కవర్లో వేసి తీసుకెళ్ళాలి. పేరు చెప్పడం కన్నా అది మంచిది.
5. గన్నేరు పుల్లతో పళ్ళు తోమకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. టెంకలతో గచ్చకాయలు ఆడకూడదు.

ట్యాంకు దగ్గర మోడు ఏమైంది

చెల్లి తిరిగి వచ్చాక, జనవరి 26 కోసం ఆవరణ శుభ్రం చేసేటప్పుడు గన్నేరు అన్నవన్నీ కొట్టేయాలని అనుకున్నారు. అది సబబే, ఆరో తరగతి పిల్లలు ఆడుకునే చోటు అది. పచ్చగన్నేరును వేళ్ళతో సహా తీసేశారు, టెంకలన్నీ ఏరి గోతిలో పూడ్చారు. తర్వాత వాచ్‌మన్ బాబాయి గొడ్డలి పట్టుకుని మోడు దగ్గరకు వచ్చారు. "ఇది చచ్చిపోయిందే అమ్మా, కొట్టీమంటే కొట్టీస్తాను" అన్నారు.

నేను సైన్సు మాస్టారి దగ్గరకు పరుగెత్తాను. "మాస్టారూ, అది బతికే ఉంది, అదే అసలు దేవగన్నేరు" అన్నాను. మాస్టారు "మొన్న కూడా నువ్వు దేవగన్నేరు అనే చెప్పావు కదా" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది, కానీ మాట నిజమే. మాస్టారు మళ్ళీ "ఊరికే చెప్పకు, చూపించు" అన్నారు.

చూపించాను. కొస దాకా లావు కొమ్మ చూపించాను. అర్ధచంద్రం మచ్చలు చూపించాను. పంగలు లెక్కపెట్టాను. గోరుతో గీరితే పచ్చగా ఉండి పాల చుక్క వచ్చింది. మురుగుకాలువ పక్కన దొరికిన ఎండుటాకు తెచ్చి అంచు ఈనె చూపించాను. మాస్టారు వార్డెన్ మేడమ్‌తో మాట్లాడారు. మేడమ్ "ఉగాది దాకా చూద్దాం. ఆకు వేస్తే ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం. బట్టల తాడు మాత్రం విప్పండి" అన్నారు.

మార్చి రెండో వారంలో తెల్లవారి నీళ్ళకు వెళ్ళినప్పుడు మొదట చూసింది ఆ ఆరో తరగతి చెల్లే. కొమ్మల కొసన పచ్చటి మొనలు వచ్చాయి. ఇప్పుడు వేలెడంత ఆకులు ఉన్నాయి. అంచు ఈనె ఉందా లేదా అని చెల్లి రోజూ చూసి నాకు చెబుతోంది. నేను కూడా వెళ్ళి నా కళ్ళతో చూసుకుంటున్నాను.

పెద్దలకు ఒక మనవి. మన ఆవరణలో ఉన్న ప్రతి చెట్టుకూ పేరు రాసిన రేకు ఒకటి కడదాం. దాని మీద తెలుగు పేరు, శాస్త్రీయ నామం, మా ఇంటి భాషల పేర్లు కూడా రాద్దాం. విషమున్నవాటి మీద ఎర్ర గీత పెడదాం. ఆకులు చూసి పోల్చే పని మేము చేస్తాం, మాస్టారు సరిచూస్తారు.

ఇప్పుడు మీకు ప్రశ్నలు

1. కణుపు దగ్గర మూడేసి ఆకులు, దళసరి, నడిమి ఈనె ఉబ్బు. ఏ గన్నేరు?
2. సన్నటి పలచటి ఆకు, కణుపుకు ఒక్కటి. ఏ గన్నేరు?
3. కొసన గుంపు, అంచుకు ఇవతల ఇంకో ఈనె. ఏ గన్నేరు?
4. మాఘమాసంలో ఒక చెట్టుకు ఆకు లేదు. కొట్టే ముందు ఏమేం చూడాలి?

జవాబులు పైన పాఠంలోనే ఉన్నాయి. నన్ను అడిగితే చెప్పను. ట్యాంకు దగ్గరకు తీసుకెళ్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని